బదరీవృక్షము క్రింద కూర్చున్నవానికి తోడు

పఠనభాగములు: 1 రాజులు 19:1-21; అపొస్తలుల కార్యములు 16:25-34; కీర్తన 88

కర్మెలు పర్వతము మీద ఆకాశమునుండి అగ్ని దిగివచ్చునట్లు ప్రార్థించిన ప్రవక్తయే కొద్ది దినములలో తనకు చావు కావలెనని దేవుని వేడుకొనెను. పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచలేదు. ఏలీయా కృంగిపోయినది ఓడిపోయిన దినమున కాదు, గెలిచిన తరువాతనే. యెజెబెలు పంపిన ఒక్క వర్తమానము చాలినది. ఎనిమిదివందల యేబదిమంది యెదుట ఒంటరిగా నిలిచినవాడు ఒక స్త్రీ మాటకు ప్రాణభయముతో పారిపోయి, యూదాలోని బెయేర్షెబా చేరి, తన పరిచారకుని అచ్చటనే ఉండుమని చెప్పి, తానొక్కడే దినప్రయాణమంత దూరము అరణ్యములోనికి పోయెను.

ఈ కథను చదువువారు ఆ పరిచారకుని సాధారణముగా గమనింపరు. అయితే కృంగుదల గురుతులలో తొలుత కనబడునది అదియే. మనస్సు చీకటిపడిన మనుష్యుడు మొట్టమొదట తన తోడివారిని వెనుక విడిచిపెట్టును. ఆరాధనకు వచ్చుట తగ్గును, వచ్చినను వెనుక వరుసలో కూర్చుండి ఆశీర్వాదమునకు ముందే లేచిపోవును, పలుకరించినవారికి పొడిమాటతో బదులిచ్చును. సంఘస్థులు దానిని గర్వమనియో, వెనుకంజ వేయుట యనియో తలంతురు. ఏలీయా గర్వముచేత పరిచారకుని విడువలేదు. తన భారమును మరియొకరు చూచుటకు అతడు ఇష్టపడలేదు, అంతే.

అతడు కూర్చున్న చెట్టును మన తెలుగు బైబిలు బదరీవృక్షమని పిలుచుచున్నది. బదరి యనగా రేగు. హెబ్రీ మూలములోని ‘రోతెము’ ఎడారిలో మొలచు సన్నని కొమ్మల పొద, దాని నీడ పలుచన. అట్టి మొక్క తెలుగుదేశములో లేనందున అనువాదకులు చదువరికి తెలిసిన ముండ్లచెట్టును ఎంచుకొనిరి కాబోలు. రేగుచెట్టు నీడయు అంతంతమాత్రమే గనుక అర్థమునకు నష్టము కలుగలేదు. ఎండలో పడి చచ్చుటకును నీడలో బ్రదుకుటకును నడుమ, ఆ కొంచెపు నీడలో, ప్రవక్త తన ప్రాణమును తీసికొమ్మని దేవునితో చెప్పి పండుకొని నిద్రించెను.

అప్పుడు దేవదూత చేసిన పని మిక్కిలి చిన్నది. అతడు ప్రవక్తను తట్టి లేపి భోజనము చేయుమనెను. నిప్పులమీద కాల్చిన అప్పమొకటి, నీళ్లబుడ్డి యొకటి తలదగ్గర నుండెను. ఏలీయా తిని త్రాగి తిరిగి పండుకొనెను. దూత అభ్యంతరము చెప్పలేదు. నిద్రపోనిచ్చి, రెండవమారు వచ్చి తట్టి, మరల భోజనము పెట్టెను. ప్రయాణము అతని శక్తికి మించినదని మాత్రము ఒప్పుకొనెను. కర్మెలును జ్ఞాపకము చేయలేదు, విశ్వాసమేమాయెనని అడుగలేదు, ప్రవక్తవై యుండి ఇట్టి ప్రార్థన తగునా యని గద్దింపలేదు. నలువది దివారాత్రములు నడిచి హోరేబు చేరిన తరువాతనే దేవుడు అతనిని ప్రశ్నించెను, అదియును అతని మనస్సులోని మాట చెప్పించుటకే. ఏలీయా తన ఫిర్యాదును రెండుమారులు ఒకే మాటలలో చెప్పెను. దేవుడు రెండుమారులును వినెను. కృంగినవాడు చెప్పిన మాటనే చెప్పుచుండును. వినువారికి విసుగు కలుగునది అందుచేతనే.

పరిశుద్ధ గ్రంథములో ఏలీయా ఒక్కడే ఇట్టివాడు కాడు. మోషే జనుల భారము మోయలేక తన్ను చంపుమని అడిగెను (సంఖ్యాకాండము 11:15). యోనా అడిగెను. యోబును యిర్మీయాయు తాము పుట్టిన దినమును శపించిరి. ఆసియలో తనకు వచ్చిన శ్రమనుబట్టి బ్రదుకుమీద ఆశ వదలుకొంటినని పౌలు కొరింథీ సంఘమునకు దాపరికము లేక వ్రాసెను (2 కొరింథీయులకు 1:8). విశ్వాసికి కృంగుదల రాదను బోధ ఎచ్చట పుట్టినదో గాని, ఈ పుటలలో పుట్టలేదు.

నేడు వైద్యులు మానసిక కృంగుబాటును వ్యాధిగా గుర్తింతురు. దుఃఖము వేరు, ఈ వ్యాధి వేరు. వారముల తరబడి మనస్సు బరువెక్కియుండును. మునుపు సంతోషమిచ్చిన పనులయందు రుచి పోవును. నిద్ర పట్టదు, లేదా మితిమీరి పట్టును. ఆకలి చెడును. తాను పనికిమాలినవాడననియు, తన ఇంటివారికి భారమనియు తలంపులు ముసురుకొనును. ప్రార్థించుటకు మోకరించినను మాట పెగలదు. మధుమేహము, రక్తపుపోటు వచ్చినవారిని మందు వేసికొమ్మని చెప్పు సంఘమే ఈ వ్యాధి వచ్చినవానిని ఉపవాసముండుమని చెప్పుచున్నది. తినుట మానివేసినవానిని ఉపవాసముండుమనుట ఎట్టి సలహాయో దేవదూత చేతిలోని అప్పమును చూచినవారికి తెలియును.

ఇది కొద్దిమంది కథ కాదు. మన దేశములో 2022వ సంవత్సరమందు 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అప్పులపాలైన రైతులు, ఇంటర్మీడియెట్ ఫలితముల దినమున ఇంటికి రాలేకపోయిన పిల్లలు, ఇంటి హింసను చెప్పుకొనలేని ఇల్లాండ్రు ఆ లెక్కలోనివారే. వారి యిండ్లలో క్రైస్తవుల యిండ్లును గలవు. ఆ యిండ్లలో కలిగిన మరణమును వేరు కారణము చెప్పి సమాధి చేసిన సందర్భములు అనేక సంఘముల పెద్దలకు తెలియును.

ఓల్నీలో జరిగిన సంగతి

కృంగినవానికి తోడుండుట యనగా ఏమో తెలిసికొనుటకు సంఘచరిత్రలో ఒక స్నేహమును పరిశీలించుట మేలు. ఆ స్నేహితులలో ఒకడు విలియం కూపరు (వ్రాతలో కౌపరని కనబడినను పలుకుబడి ఇదియే), ఆంగ్లకవి, 1731లో జన్మించినవాడు. రెండవవాడు జాన్ న్యూటను, ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడై, తరువాత ఓల్నీ యను చిన్న పట్టణమున సంఘకాపరియైనవాడు.

కూపరు ఆరేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. పాఠశాలలో ఒక పెద్ద బాలుడు అతనిని క్రూరముగా బాధించెను. న్యాయశాస్త్రము చదివి, 1763లో ప్రభువుల సభలో ఒక ఉద్యోగమునకై బహిరంగ పరీక్షకు నిలువవలసివచ్చినప్పుడు అతని మనస్సు భయముచేత చెదరిపోయెను. తన ప్రాణము తానే తీసికొనుటకు పలుమారు యత్నించెను. సహోదరుడు అతనిని సెయింట్ ఆల్బన్స్‌లోని కాటను అను వైద్యుని యొద్దకు పంపెను. కాటను దైవభక్తిగల వైద్యుడు, ఆ కాలమునకు అరుదైన దయగలవాడు. కూపరు అచ్చట సుమారు 18 నెలలుండెను. 1764లో ఆ వైద్యాలయమందే రోమా పత్రిక 3:25 చదువుచుండగా క్షమాపణయొక్క ఆనందము అతనికి కలిగెను. వైద్యశాలలో ప్రభువును కనుగొనిన ఈ కవి కథ, వైద్యమును విశ్వాసమునకు ప్రత్యర్థిగా చూచువారికి ఇబ్బందియే.

తరువాత అతడు అన్విన్ కుటుంబముతో నివసించెను. ఇంటి యజమాని 1767లో గుర్రముమీదనుండి పడి మరణింపగా, విధవరాలైన మేరీ అన్విన్‌తో కూడ కూపరు ఓల్నీకి వచ్చి న్యూటను పొరుగున కాపురముండెను. ఇద్దరు స్నేహితులును కలిసి రోగులను దర్శించిరి, కీర్తనలు వ్రాసిరి. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనలలో అరువదికి పైగా కూపరు వ్రాసినవే.

కాని 1773 జనవరిలో చీకటి తిరిగి వచ్చెను. దేవుడు తనను శాశ్వతముగా విడిచిపెట్టెనని కూపరు నమ్మెను. అబ్రాహాము ఇస్సాకును అర్పింప సిద్ధపడినట్లు తన్ను తాను అర్పించుకొమ్మని దేవుడే ఆజ్ఞాపించెననియు తోచెను. ఈ సంగతిని బోధకులు జాగ్రత్తగా తలపోయవలెను. వ్యాధి విశ్వాసియొక్క నోటిలోని వాక్యమునే తీసికొని అతనిమీదికి త్రిప్పగలదు. అట్టి స్వరమును వినుచున్నానని ఎవడైన చెప్పినయెడల, దేవుడు అతనితో మాటలాడుచున్నాడో లేదో యని వేదాంతచర్చకు దిగక, ఆ గడియలోనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. మోరీయా కొండమీద దేవుడు చేయిని ఆపెనే గాని కత్తిని కోరలేదు.

ఆ యేడు ఏప్రిలులో ఓల్నీలో సంత జరిగినప్పుడు, అంగళ్ల వీధిలోని గోలను భరింపలేక కూపరు ఒక రాత్రికని న్యూటను ఇంటికి వచ్చెను. వచ్చినవాడు తిరిగి పోనని కన్నీళ్లతో బ్రతిమాలుకొనెను. ఆ ఒక్క రాత్రి పదమూడు నెలలాయెను. అక్టోబరులో ఆ ఇంటనే మరల ప్రాణహాని యత్నము జరిగెను. న్యూటను అతనిని వెళ్లగొట్టలేదు. కాటను వైద్యుని సలహా కోరెను, మందులిప్పించెను. మేరీ అన్విన్ రేయింబవళ్లు కనిపెట్టి యుండెను. న్యూటను ఉత్తరములలో ఈ కాలపు అలసట దాగలేదు. తన మనస్సు కొన్నిసార్లు విసిగెననియు ఆయన ఒప్పుకొనెను. ఒప్పుకొనుట మంచిదే; విసుగు రానివానివలె నటించు సహాయకుడు ఎక్కువ దినములు నిలువడు.

1774 మే నెలలో ఒక దినమున కూపరు కోళ్లకు మేత వేయుచుండగా ఏదో చిన్న సంగతి జరిగెను. అతడు చిరునవ్వు నవ్వెను. పదహారు నెలలకు పైగా అతని ముఖమున నవ్వు కనబడలేదని, ఇదియే మొదటిదని న్యూటను వ్రాసెను. ప్రసంగముల సంఖ్యను, సభ్యుల సంఖ్యను లెక్కించు కాపరులు అనేకులు గలరు. ఒకని ముఖమున నవ్వు లేని నెలలను లెక్కించినవాడు ఈయన.

ఆ నెలలోనే కూపరు తన ఇంటికి తిరిగిపోయెను. పొరుగుపిల్లలు విసిగి విడిచిన కుందేలుపిల్ల నొకదానిని తెచ్చుకొని, తరువాత మరి రెంటిని చేర్చి పెంచెను. వడ్రంగము నేర్చెను, తోట వేసెను, పద్యములు వ్రాసెను. 1785లో వెలువడిన గొప్ప కావ్యము ‘ది టాస్క్’ ఈ కాలపు పంటయే. బానిస వ్యాపారమును ఖండించుచు 1788లో అతడు వ్రాసిన పద్యములు ఆ వ్యాపార నిర్మూలన ఉద్యమమునకు ఉపయోగపడెను. వ్యాధి గలవానివలన పని జరుగదని యెవరు చెప్పగలరు? అయినను ఒక సంగతి దాచకూడదు. 1773లో పోయిన రక్షణ నిశ్చయత అతనికి తిరిగి రాలేదు. అతడు మరల ఆలయములో కాలు పెట్టలేదు. తన స్నేహితుల రక్షణను నమ్మెను, తన రక్షణను మాత్రము నమ్మలేకపోయెను.

న్యూటనుయొక్క కఠినసిద్ధాంతమే అతనిని పిచ్చివానిని చేసెనని వ్రాసినవారు గలరు. న్యూటనును కలిసికొనుటకు నాలుగేండ్లు ముందే, 1763లోనే, వ్యాధి వచ్చెనను సంగతిని వారు మరచుచున్నారు. న్యూటనునందు లోపము లేదని కాదు. 1780లో ఆయన లండనుకు మారిన తరువాత, కూపరును మేరీయు పొరుగున నున్న జమీందారుల కుటుంబముతో మిక్కిలి సంచరించుచున్నారని యెవరో చెప్పగా విని, 1786లో మందలించుచు ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము వారి మనస్సును నొప్పించెను. ఎండలో కొంచెము తిరుగుట కూపరుకు మందువంటిదని దూరముననున్న స్నేహితునికి తోచలేదు. పదమూడు నెలలు మోసినవాడు ఒక్క ఉత్తరముతో గాయపరచగలడు. కూపరు మర్యాదగా బదులు వ్రాసెను. స్నేహము తెగలేదు.

నిరీక్షణ యను మాట

హెబ్రీ ‘కవా’ ధాతువునకు కనిపెట్టుట అనియు, ఆశించుట అనియు రెండర్థములు గలవు. మన అనువాదకులకు అదృష్టవశమున ‘నిరీక్షణ’ యను మాట దొరికెను. సంఘము వెలుపల తెలుగువారు ఆ మాటను ఎదురుచూపు అను అర్థముననే వాడుదురు. బండి కొరకు, ఫలితముల కొరకు, పరదేశమునకు పోయిన కుమారుని కొరకు నిరీక్షింతురు. సంఘములో మాత్రము అది హృదయమందలి ధైర్యముగా మారినది. అందుచేత నిరీక్షణ లేని సహోదరుని చూచినప్పుడు, అతని లోపల ఒక వస్తువు లోపించినదనియు, దానిని ప్రసంగించి నింపవలెననియు తలంతుము. మాటయొక్క పాత అర్థమునకు తిరిగిపోయినయెడల పని వేరుగా కనబడును. ఎదురుచూచుట ఒకని కొరకు మరియొకడు చేయగల పని. జ్వరముతో స్పృహ తప్పినవాని మంచమునొద్ద తల్లి కూర్చుండి తెల్లవారుటకై ఎదురుచూచును. రోగి ఎదురుచూడలేడు, అయినను తెల్లవారును. కోళ్లదొడ్డిలో నవ్వు కనబడువరకు ఎదురుచూచినవాడు న్యూటనే గాని కూపరు కాడు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చినప్పుడు ప్రభువు వారి విశ్వాసమును చూచెనని సువార్తికులు వ్రాసిరి.

చెరసాలలో పౌలు కేక

పరిశుద్ధ గ్రంథములో ఒకడు తన్ను చంపుకొనబోవుచుండగా మరియొకడు ఆపిన సందర్భము ఫిలిప్పీ చెరసాలలో నున్నది. భూకంపము కలిగి తలుపులు తెరచుకొనెను. ఖైదీలు పారిపోయిరని చెరసాల నాయకుడు తలంచెను. రోమా శిక్షకు భయపడి, అవమానమునకు భయపడి, చేయి ఎత్తెను. పౌలు చీకటిలోనుండి బిగ్గరగా కేక వేసి, హాని చేసికొనవద్దనియు, ఖైదీలందరును అక్కడనే యున్నారనియు తెలియజేసెను. ఆ రెండు సంగతులే. మొదటిది అతని చేతిని ఆపినది, రెండవది అతడు నమ్మిన అబద్ధమును తొలగించినది. రక్షణను గూర్చిన ప్రశ్న దీపములు వచ్చిన తరువాత వచ్చెను. గాయములు కడుగుటయు, బాప్తిస్మమును, భోజనమును ఆ రాత్రియే జరిగెను.

కేక వేయుటకు ముందు పౌలు చీకటిలో ఏమి జరుగుచున్నదో గ్రహించెను. గ్రహించుటకు నేడు తిన్నని మార్గము అడుగుటయే. చనిపోవలెనను తలంపు కలుగుచున్నదా యని ఆ మాటలతోనే, మెల్లగా, ఒంటరిగా నున్నప్పుడు అడుగవలెను. అడిగినయెడల లేని తలంపు పుట్టునని పెద్దలు భయపడుదురు. అట్లు పుట్టదని ఈ రంగమున పరిశోధించినవారు తెలిసికొనిరి. అనేకులకు ఆ ప్రశ్న ఊపిరి తిరిగినట్లుండును. ఔనని చెప్పినయెడల ఉలికిపడరాదు, ఏడ్చి అతనిచేత ఓదార్పు పొందరాదు, ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టుకొనరాదు. ఒట్టు పెట్టుకొనినవాడు పాపము చేసితినను భయముతో నోరు మూసికొని, తరువాత జీవితకాలమంతయు దుఃఖించును.

అపాయము దగ్గరలో నున్నట్లు తోచిన యెడల అతనిని ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుల మందును, మాత్రల డబ్బాలను అతనికి అందకుండ తాళము వేయుటయో, పొరుగింటికి చేర్చుటయో చేయవలెను. చావగోరువాడు ఏదో యొక మార్గము వెదకుకొనునే యని కొందరందురు. సత్యము వేరు. శ్రీలంక ప్రభుత్వము 1995 మొదలుకొని మిక్కిలి విషముగల పురుగుల మందులను ఒకటొకటిగా నిషేధింపగా, తరువాతి 20 ఏండ్లలో ఆత్మహత్యల రేటు సగమునకు పైగా తగ్గెను. ప్రాణము తీసికొనవలెనను తెగింపు తరచుగా కొద్దిసేపటిది. ఆ కొద్దిసేపు చేతికి ఏమియు అందకపోయినయెడల మనుష్యుడు మిగులును. మిగిలినవారిలో ఎక్కువమంది తరువాత ఆ విధముగా చనిపోరు. తాళపుచెవి దాచిన వదినగారు ఒక ప్రసంగీకునికంటె ఎక్కువ చేసియుండవచ్చును.

వైద్యుని యొద్దకు పొమ్మని చెప్పుట వేరు, వెంట పోవుట వేరు. వైద్యశాలలో చీటీ తీసికొని, వరుసలో నిలిచి, మందులు తెచ్చి, రెండవమారు పోవలసిన దినమును గురుతుంచుకొని మరల వెంట పోవువాడు కావలెను. మందులు పని చేయుటకు కొన్ని వారములు పట్టును. ఆ వారములలోనే రోగి వాటిని మానివేయును, ఇంటివారు అందుకు సమ్మతింతురు. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబగళ్లు ఖర్చు లేక ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడువారును గలరు. సంఘ ప్రకటనల పలకమీద ఆరాధన వేళల ప్రక్కన ఈ సంఖ్యను వ్రాయుటకు కమిటీ తీర్మానము అక్కరలేదు.

పోలీసు కేసు అగునను భయముచేత ప్రాణాపాయములో నున్నవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు జంకువారు ఇంకను గలరు. 2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావించి శిక్షింపరాదనియు, అతనికి చికిత్సయు సంరక్షణయు కలుగజేయుట ప్రభుత్వపు విధియనియు చెప్పుచున్నది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. దేశచట్టమే దయ చూపుచుండగా సంఘము ఆ కుటుంబమును ప్రభువు బల్లకు దూరముంచుట ఎట్లు?

తన దేహమును తానే గాయపరచుకొను యౌవనుల విషయము కొంత వేరు. వారందరును చావగోరుటలేదు. లోపలి బాధ మాటలలోనికి రానప్పుడు దేహముమీదికి వచ్చును. అయితే తేలికగా తీసికొనరాదు, ఏలయనగా అట్టివారికి తరువాత అపాయము ఎక్కువ. ఎండకాలమందును పొడుగు చేతుల చొక్కా విడువని కుమారునిగాని కుమార్తెనుగాని తల్లి గద్దించి చేయి చూపుమనును. అప్పుడు వారు మరింత లోతుగా దాచుదురు. గాయమును కట్టి, ఆ దినమున ఏమి జరిగినదో అడిగి, వినవలెను. మార్కు 5వ అధ్యాయములో రాళ్లతో తన్ను గాయపరచుకొనిన మనుష్యుని చూపి, ఇట్టి ప్రతి పిల్లకును దయ్యము పట్టినదనువారు గలరు. ఆ వాక్యభాగము అట్టి నిర్ణయమునకు ఆధారమివ్వదు. ఆ ఊరివారు అతనికి సంకెళ్లు వేసిరి. ప్రభువు అతని పేరడిగెను.

మాటలు, మౌనము, వంతులు

దుఃఖించువాని యెదుట పాటలు పాడుట చలిదినమున పైబట్ట తీసివేయుటవంటిదని సామెతలు 25:20 చెప్పుచున్నది. ఉత్సాహపరచు పాటలతో కృంగినవాని యింట ప్రార్థనకూటము నడుపువారు ఈ వచనమును చదివినట్లు లేదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి. అప్పటివరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే దేవుని కోపమునకు పాత్రులైరి. ప్రార్థించుటకు ముందు, ప్రార్థింపవచ్చునా యని అతనినే అడుగుట మర్యాద. ఔననినయెడల, నాలుగు వాక్యములు చాలును. వద్దనినయెడల, టీ కాచి ప్రక్కన కూర్చుండవచ్చును.

సహాయము చేయువాడు ఒక్కడే అయినచో విరిగిపోవును. హోరేబులో దేవుడు ఏలీయాకు అప్పగించిన పనులలో ఎలీషాను అభిషేకించుట యొకటి. పరిచారకుని బెయేర్షెబాలో విడిచివచ్చినవానికి దేవుడు మరియొక తోడును ఇచ్చెను. బాలు నెదుట మోకాలూనని ఏడువేలమంది గలరని కూడ తెలియజేసెను. కాపరి ఒక్కడే మోయక, ఒకరు భోజనము, ఒకరు వైద్యశాల, ఒకరు సాయంకాలపు నడక వంతులు వేసికొనినయెడల ఎవరును కూలరు. మంచము పట్టిన తల్లియొక్కయో భార్యయొక్కయో సంగతి విచారించువారును కావలెను. రోగిని అందరును అడుగుదురు, కనిపెట్టుకొనియున్నదానిని ఎవరును అడుగరు.

కృంగినవాడును ఇచ్చువాడై యుండగలడు. 1794 ప్రాంతమున కూపరు మరల ఎవరితోను మాటలాడక కదలక కూర్చుండెను. మేరీ అన్విన్ అప్పటికి పక్షవాతముతో బలహీనురాలు. ఒక ఉదయమున, ఎండ బాగున్నదనియు, నడువ యత్నింపవలెనని యున్నదనియు ఆమె తనలో తాను అనుకొనినట్లు పలికెను. లేవుమని ఎందరు చెప్పినను లేవనివాడు వెంటనే లేచి తన చేయి ఆమెకిచ్చెనని అతని జీవితచరిత్రకారుడు వ్రాసెను.

మేరీ 1796లో మరణించెను. కూపరు 1800 ఏప్రిలు 25న తన పడకమీద, రోగముచేత మరణించెను. అతనికి 68 ఏండ్లు. తన్ను తాను చంపుకొన యత్నించిన మొదటి చీకటికిని ఆ దినమునకును నడుమ 36 సంవత్సరములు గడిచెను. కడవరకు అతడు ఓదార్పు మాటలను అంగీకరింపలేదు. కీర్తన 88 వ్రాసిన హేమాను సహితము తన ప్రార్థనను చీకటి యను మాటతోనే ముగించెను. దానిని కీర్తనల గ్రంథమునుండి ఎవరును తీసివేయలేదు.

న్యూటను అప్పటికి డెబ్బది నాలుగేండ్ల వృద్ధుడు, చూపు మందగించినవాడు. స్నేహితుని జ్ఞాపకార్థము లండనులో ప్రసంగించుటకు ఆయన నిర్గమకాండము 3వ అధ్యాయము 2, 3 వచనములను ఎన్నుకొనెను. మోషే చూచిన పొద అగ్నితో మండుచుండెను గాని కాలిపోలేదు.